నికెల్ క్రీక్

నికెల్ క్రీక్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాకు చెందిన ఒక సంగీత బృందం. మేండలిన్ వాద్యకారుడు క్రిస్ థీలీ, ఫిడేలు వాద్యకారిణి సారా వాట్కిన్స్, ఆమె అన్న, గిటారు వాద్యకారుడు షాన్ వాట్కిన్స్ ఇందులో ప్రధాన సభ్యులు. ముగ్గురూ గాయకులే. 1989లో వీరు తొలి ప్రదర్శన ఇచ్చేనాటికి క్రిస్, సారాలకు ఎనిమిదేళ్ళు, షాన్‌కు పన్నెండేళ్ళు. బ్లూగ్రాస్ అనే అమెరికా గ్రామీణ సంగీత పద్ధతిలో శిక్షణ పొంది, దానికి ఐరిష్ జానపద బాణీలను, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని, రాక్, పాప్ పాటలను జోడించి తమదైన ఒక శైలిని ఏర్పరచుకున్నారు. విద్యుత్ వాద్యాలను దాదాపుగా వాడకుండానే యువ శ్రోతలను ఆకట్టుకోవడం ఈ బృందం ప్రత్యేకత. 2002లో విడుదలైన ''దిస్ సైడ్'' అనే ఆల్బముకు గ్రామీ పురస్కారం లభించింది.

నేపథ్యం

బ్లూగ్రాస్ పేరు వినగానే అది శతాబ్దాల నాటి జానపద సంగీతమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది రేడియో యుగంలో పుట్టిన సంగీతం. కెంటకీ రాష్ట్రానికి చెందిన బిల్ మన్రో (1911 - 1996) అనే మేండలిన్ వాద్యకారుడు తన బృందానికి బ్లూ గ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టుకున్నాడు. కెంటకీని "బ్లూగ్రాస్ రాష్ట్రం" అని పిలవడం అక్కడి వాడుక. 1945 చివరలో ఎర్ల్ స్క్రగ్స్ అనే యువకుడు మూడు వేళ్ళతో అతివేగంగా బాంజో మీటే పద్ధతితో ఆ బృందంలో చేరాడు. అప్పటికే అందులో ఉన్న లెస్టర్ ఫ్లాట్ గిటారు, గాత్రం తోడై, నాష్‌విల్ నుండి ప్రసారమయ్యే గ్రాండ్ ఓలె ఓప్రీ అనే రేడియో కార్యక్రమం ద్వారా ఈ కొత్త నాదం దేశమంతా వినిపించింది. బృందం పేరే కాలక్రమంలో సంగీత పద్ధతి పేరుగా స్థిరపడింది.

అయితే ఈ పద్ధతికి వాడిన సరుకు మాత్రం పాతదే. అపలాచియన్ కొండలలో స్థిరపడిన స్కాట్లాండ్, ఐర్లాండ్ ప్రజల కథాగేయాలు, ఫిడేలు బాణీలు, నల్లజాతివారి బ్లూస్, చర్చి పాటలు ఇందులో కలిసి ఉన్నాయి. బాంజో వాద్యానికి మూలం ఆఫ్రికా. బానిసలుగా తేబడినవారి ద్వారా అది అమెరికాకు చేరింది. (మన దేశంలో బాంజో లేదా బెంజో అని పిలుచుకునే మీటల వాద్యం బుల్‌బుల్ తరంగ్. దానికీ ఈ అమెరికా బాంజోకూ పేరులో తప్ప పోలిక లేదు.) కనుక బ్లూగ్రాస్ పుట్టుకతోనే ఒక మిశ్రమ సంగీతం. తరువాతి కాలంలో "శుద్ధమైన బ్లూగ్రాస్" గురించి జరిగిన వాదోపవాదాలను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం.

సంప్రదాయ బ్లూగ్రాస్ బృందంలో మేండలిన్, ఫిడేలు, బాంజో, గిటారు, నిలువు బాస్ అనే ఐదు తీగవాద్యాలు ఉంటాయి. డ్రమ్ములు ఉండవు. తాళం నిలిపే పనిని బాస్, మేండలిన్ పంచుకుంటాయి. బాస్ వాద్యం బలమైన మాత్రపై పలికితే, దాని మధ్య వచ్చే ఎదురు మాత్రపై మేండలిన్ తీగలను ఒక్కసారిగా మీటి, వెంటనే నాదాన్ని నొక్కివేస్తారు. ఈ దెబ్బను "చాప్" అంటారు. వాద్యకారులు వంతులవారీగా ముందుకు వచ్చి తమ మనోధర్మాన్ని ప్రదర్శించడం, గాయకులు రెండు మూడు స్థాయిలలో కలిసి పాడడం ఈ పద్ధతి లక్షణాలు.

నికెల్ క్రీక్ కంటే ముందే ఈ హద్దులను దాటినవారు ఉన్నారు. 1971లో ఏర్పడిన న్యూ గ్రాస్ రివైవల్ బృందం బ్లూగ్రాస్‌లోకి రాక్ సంగీతాన్ని తెచ్చింది. 1977లో డేవిడ్ గ్రిస్మన్ తన ఐదుగురు సభ్యుల బృందంతో జాజ్ పోకడలు గల వాద్యసంగీతాన్ని వెలువరించాడు. న్యూ గ్రాస్ రివైవల్ బృందం విడిపోయిన 1989వ సంవత్సరంలోనే నికెల్ క్రీక్ మొదలవడం కాకతాళీయమే అయినా చెప్పుకోదగిన విషయం.

పిజ్జా దుకాణంలో ఆరంభం

దక్షిణ కాలిఫోర్నియాలో శాన్ డియాగో నగరానికి ఉత్తరాన పసిఫిక్ తీరంలో కార్ల్స్‌బాడ్ అనే పట్టణం ఉన్నది. కెంటకీ కొండలకు ఇది వేల కిలోమీటర్ల దూరం. సముద్రపు అలలపై తేలే ఆటకు పేరున్న ఈ ప్రాంతంలో బ్లూగ్రాస్‌కు చోటుంటుందని ఎవరూ ఊహించరు. కాని ఆ ఊరిలో "దట్ పిజ్జా ప్లేస్" అనే ఒక దుకాణంలో ప్రతి వారం బ్లూగ్రాస్ ఎట్‌సెట్రా అనే స్థానిక బృందం కచేరీ చేసేది. థీలీ కుటుంబమూ, వాట్కిన్స్ కుటుంబమూ పిల్లలను వెంటబెట్టుకొని అక్కడకు వెళ్ళేవారు. ఆ బృందంలోని జాన్ మూర్ వద్ద క్రిస్, షాన్ ఇద్దరూ మేండలిన్ నేర్చుకున్నారు. అదే బృందానికి చెందిన డెనిస్ కాప్లింగర్ సారాకు ఫిడేలు నేర్పాడు. ఒకే గురువు వద్ద పిల్లలు చదువుకోవడం వలన రెండు కుటుంబాల మధ్య స్నేహం కుదిరింది.

1989లో ఆ పిజ్జా దుకాణంలోనే పిల్లల బృందం మొదటిసారి వేదిక ఎక్కింది. క్రిస్ తండ్రి స్కాట్ థీలీ నిలువు బాస్ వాయించాడు. అప్పట్లో క్రిస్ గిటారు, షాన్ మేండలిన్ వాయించేవారు. కొంతకాలానికి ఇద్దరూ వాద్యాలు మార్చుకున్నారు. ఈ చిన్న మార్పు జరగకపోయి ఉంటే తరువాతి కథ వేరుగా ఉండేదని చెప్పవచ్చు. ఎందుకంటే ప్రపంచంలోని మేటి మేండలిన్ వాద్యకారులలో ఒకడిగా నేడు క్రిస్ థీలీకి పేరున్నది.

బృందం పేరుకు ఒక బాణీ ఆధారం. సారాకు ఫిడేలు నేర్పిన మరొక గురువు, ప్రఖ్యాత వాద్యకారుడు బైరన్ బర్లైన్ "నికెల్ క్రీక్" అనే బాణీని కూర్చాడు. పిల్లలు ఆ పేరునే తమ బృందానికి పెట్టుకున్నారు. బర్లైన్ ఒకప్పుడు బిల్ మన్రో బృందంలో వాయించినవాడు. ఆ విధంగా పిజ్జా దుకాణంలోని పిల్లలకూ బ్లూగ్రాస్ మూలపురుషునికీ మధ్య ఒకే ఒక్క తరం అంతరం ఉన్నది.

ఉత్సవాల కాలం (1990 - 1998)

అమెరికాలో వేసవి అంతా బ్లూగ్రాస్ ఉత్సవాలు జరుగుతాయి. పొలాలలో, సంతమైదానాలలో గుడారాలు వేసుకొని రెండు మూడు రోజులు ఉండే ఈ సభలలో వేదిక మీద జరిగేదానికంటే గుడారాల మధ్య అర్ధరాత్రి వరకు సాగే వాద్యగోష్ఠులే విద్యార్థులకు అసలైన పాఠశాల. పెద్ద వాద్యకారుల పక్కన కూర్చొని పిల్లలు వాయించవచ్చు. నికెల్ క్రీక్ సభ్యులు ఈ ఉత్సవాల చుట్టూ తిరుగుతూ పెరిగారు. ప్రయాణాలకు వీలుగా వారి చదువు ఇంటివద్దనే సాగింది.

ఈ కాలంలోనే సభ్యులు పోటీలలో కూడా రాణించారు. 1993లో, పన్నెండేళ్ళ వయసులో, క్రిస్ కాన్సాస్ రాష్ట్రంలోని విన్‌ఫీల్డ్‌లో జరిగే జాతీయ మేండలిన్ పోటీలో ప్రథమ బహుమతి గెలుచుకున్నాడు. మరుసటి సంవత్సరం షుగర్ హిల్ సంస్థ అతని సొంత ఆల్బము ''లీడింగ్ ఆఫ్''‌ను విడుదల చేసింది. సారా అరిజోనా రాష్ట్ర ఫిడేలు పోటీలో విజేతగా నిలిచింది.

బృందం తొలి ఆల్బము ''లిటిల్ కౌపోక్'' 1993లో వెలువడింది. పిల్లల గొంతులతో పశువుల కాపరుల పాటలు పాడిన ఈ ఆల్బముకు నేడు చారిత్రక విలువ మాత్రమే ఉన్నది. 1997లో వచ్చిన రెండవ ఆల్బము ''హియర్ టు దేర్'' కూడా విస్తృతంగా అందుబాటులోకి రాలేదు.

1990ల మధ్యలో స్కాట్ థీలీకి కెంటకీలోని మర్రే స్టేట్ విశ్వవిద్యాలయంలో పియానోలను మరమ్మతు చేసి శ్రుతి చేసే ఉద్యోగం దొరికింది. థీలీ కుటుంబం అక్కడికి తరలిపోయింది. బృందంలోని సగంమంది దేశానికి ఒక వైపు, మిగిలిన సగం మరొక వైపు ఉండవలసి వచ్చింది. చాలా బాలబృందాలు ఇటువంటి సందర్భంలోనే ముగిసిపోతాయి. ఇది ముగియలేదు.

ఆలిసన్ క్రౌస్ నిర్మాణంలో (2000)

బృందం భవిష్యత్తును మార్చిన వ్యక్తి ఆలిసన్ క్రౌస్. ఇల్లినాయిస్‌కు చెందిన ఈ గాయని, ఫిడేలు వాద్యకారిణి స్వయంగా బాలమేధావిగా పేరొందింది. ఇరవయ్యేళ్ళు నిండకముందే గ్రామీ పురస్కారం అందుకుంది. పిల్లలుగా వేదికపై మెప్పు పొందినవారు పెద్దవారయ్యాక ఎటువంటి ఇబ్బంది పడతారో ఆమెకు స్వానుభవం. 1998లో నికెల్ క్రీక్ షుగర్ హిల్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నది. ఆలిసన్ క్రౌస్ ఆల్బము నిర్మాణ బాధ్యత స్వీకరించింది. పాశ్చాత్య సంగీతంలో నిర్మాత అంటే పెట్టుబడి పెట్టేవారు కారు. పాటల ఎంపిక, వాయించే తీరు, ధ్వనిముద్రణ మొదలైన వాటిని నిర్దేశించే వ్యక్తి అని గ్రహించాలి.

2000 మార్చి 21న విడుదలైన ''నికెల్ క్రీక్'' అనే ఆల్బమును బృందపు అసలు తొలి రచనగా శ్రోతలు భావిస్తారు. ఇందులో వేగంగా వాయించే ప్రతిభను చూపాలన్న తపన తక్కువ. ఉత్సవాలలో చప్పట్లు తెచ్చే వేగాన్ని తగ్గించి, గొంతులకు చోటు ఇచ్చారు. ఆల్బము మొదటి అంశం "ఓడ్ టు ఎ బటర్‌ఫ్లై" మాత్రం క్రిస్ కూర్చిన వాద్యగీతం. మిగిలిన పాటలలో "ది ఫాక్స్" తరతరాలుగా పాడుకుంటున్న జానపద గీతం. "స్వీట్ ఆఫ్టన్" స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ రచన. "ఇన్ ది హౌస్ ఆఫ్ టామ్ బాంబడిల్" పేరు టోల్కీన్ నవలలోని పాత్రది.

వీటిలో "ది లైట్‌హౌసెస్ టేల్" ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఒక దీపస్తంభమే కథ చెబుతుంది. దానిని చూసుకునే కావలివాని ప్రియురాలు ఓడ మునిగి మరణిస్తుంది. ఆమెను పాతిపెట్టిన తరువాత అతడు కూడా ప్రాణం తీసుకుంటాడు. ఎన్నో ఓడలకు దారి చూపిన స్తంభం ఆ ఒక్క ఓడను కాపాడలేకపోతుంది, కళ్ళముందే తన మనిషిని కోల్పోతుంది. కదలలేని వస్తువు చేత శోకగాథ చెప్పించడం పాత స్కాటిష్ కథాగేయాల ధోరణిని గుర్తుకు తెస్తుంది. కాని ఈ పాట కొత్తది. దానిని క్రిస్, ఆడమ్ మెకెంజీ కలిసి రాశారు. పాతదనిపించే కొత్త పాట రాయగలగడం ఈ బృందం ఎదుగుదలకు ముఖ్యకారణమని చెప్పవచ్చు.

ఈ ఆల్బములోని కొన్ని పాటలకు దృశ్యరూపాలు తీయగా, కంట్రీ సంగీతాన్ని ప్రసారం చేసే సి.ఎం.టి. టెలివిజన్ ఛానెల్ వాటిని తరచుగా చూపించింది. బ్లూగ్రాస్ బృందానికి ఇది అరుదైన అవకాశం. 2000లోనే టైమ్ పత్రిక కొత్త సహస్రాబ్దిలో సంగీతానికి కొత్త దారులు వేసే ఐదుగురిలో ఒకరిగా వీరిని పేర్కొన్నది. అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంగీత సంఘం 2000లో వీరిని వర్ధమాన కళాకారులుగా, 2001లో ఉత్తమ వాద్యబృందంగా గుర్తించింది. 2001 గ్రామీ పురస్కారాలలో ఉత్తమ బ్లూగ్రాస్ ఆల్బము విభాగంలో ఈ ఆల్బము, కంట్రీ వాద్యసంగీత విభాగంలో "ఓడ్ టు ఎ బటర్‌ఫ్లై" నామినేషన్లు పొందాయి. పురస్కారం రాలేదు. ఆల్బము అమ్మకాలు నెమ్మదిగా పెరుగుతూ పోయి చివరకు అది ప్లాటినం గుర్తింపు (10 లక్షల ప్రతులు) పొందింది.

ఈ విజయానికి 2000 డిసెంబరులో వచ్చిన ''ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?'' అనే సినిమాయే కారణమని కొందరు రాస్తుంటారు. ఆ సినిమా పాటల ఆల్బము పాతకాలపు అమెరికా సంగీతానికి అనూహ్యమైన ఆదరణ తెచ్చి, 2002లో ఆ ఏటి మేటి ఆల్బముగా గ్రామీ పురస్కారం పొందిన మాట నిజమే. కాని నికెల్ క్రీక్ ఆల్బము దానికంటే తొమ్మిది నెలల ముందే విడుదలైంది. సినిమా వలన శ్రోతల సంఖ్య పెరిగి ఉండవచ్చు కాని పునాది అంతకు ముందే పడినది. పైగా రెండింటి స్వభావాలు వేరు. సినిమా సంగీతం 1930ల నాటి పల్లె జీవితాన్ని గుర్తు చేస్తే, నికెల్ క్రీక్ పాటలలో తమ వయసు యువతీయువకుల సందేహాలు ఎక్కువగా వినిపిస్తాయి.

సంప్రదాయంతో ఘర్షణ

తొలి విజయం తరువాత స్కాట్ థీలీ బృందం నుండి తప్పుకున్నాడు. బాస్ వాద్యాన్ని మొదట డెరెక్ జోన్స్, 2003 నుండి మార్క్ షాట్జ్ వాయించారు. తండ్రి వేదిక దిగిన తరువాత బృందం నిర్ణయాలు పూర్తిగా ముగ్గురు యువకుల చేతికి వచ్చాయి.

2002 ఆగస్టు 13న విడుదలైన ''దిస్ సైడ్'' ఆల్బమును కూడా ఆలిసన్ క్రౌస్ నిర్మించింది. ఇందులో పేవ్‌మెంట్ అనే రాక్ బృందపు పాట "స్పిట్ ఆన్ ఎ స్ట్రేంజర్" ఉన్నది. దాని సరసనే "హౌస్ కార్పెంటర్" అనే పురాతన కథాగేయం ఉన్నది. భర్తను, బిడ్డను విడిచి పూర్వప్రియునితో ఓడ ఎక్కిన ఒక స్త్రీ కథ అది. బ్రిటిష్ దీవుల నుండి అట్లాంటిక్ దాటి అపలాచియన్ కొండలకు చేరింది. 1990ల రాక్ పాటనూ, శతాబ్దాల నాటి గేయాన్నీ ఒకే వాద్యాలతో, ఒకే తీరున పాడి పక్కపక్కన పెట్టడమే ఈ ఆల్బము చేసిన ప్రతిపాదన. మంచి పాట ఎక్కడనుండి వచ్చినా జానపదమే అవుతుందన్న భావం ఇందులో కనిపిస్తుంది.

ఈ ఆల్బము అమెరికా బిల్‌బోర్డ్ ప్రధాన జాబితాలో మొదటి 20 స్థానాలలోకి చేరింది. 2003లో ఉత్తమ సమకాలీన జానపద ఆల్బముగా గ్రామీ పురస్కారం పొందినది. బ్లూగ్రాస్ విభాగంలో కాక సమకాలీన జానపద విభాగంలో పురస్కారం రావడం గమనించదగినది. ఇది బ్లూగ్రాసా, కాదా అన్న ప్రశ్నకు అది ఒక విధమైన జవాబు.

సంప్రదాయవాదుల అభ్యంతరాలు అర్థం చేసుకోదగినవే. ఈ బృందంలో స్థిరమైన బాంజో వాద్యకారుడు లేడు. ఎర్ల్ స్క్రగ్స్ బాంజో చేరిన తరువాతనే బ్లూగ్రాస్ పుట్టిందని నమ్మేవారికి బాంజో లేని బ్లూగ్రాస్ అర్థం లేని మాట. వేదికపై వీరు రేడియోహెడ్ పాటలు, చివరకు బ్రిట్నీ స్పియర్స్ పాడిన "టాక్సిక్" కూడా మేండలిన్, ఫిడేళ్ళతో వాయించేవారు. కొందరికి ఇది హాస్యం, కొందరికి అపచారం. చిన్న శ్రోతృవర్గంతో, స్వచ్ఛంద సేవకులు నడిపే ఉత్సవాలతో బతుకుతున్న ఒక సంగీత పద్ధతికి తన రూపం కరిగిపోతుందేమోనన్న భయం ఉండడం సహజం.

మరొక వైపు చూస్తే, బృంద సభ్యులు ఎక్కడా తాము బ్లూగ్రాస్‌ను బాగుచేస్తున్నామని చెప్పుకోలేదు. వారికి ఆ సంగీతం మాతృభాష వంటిది. మాతృభాషలో పరాయి విషయాలను మాట్లాడడానికి వారు సంకోచించలేదు. బిల్ మన్రో స్వయంగా బ్లూస్‌ను, చర్చి పాటలను, ఐరిష్ బాణీలను కలిపినవాడే. అతడు చేసిన పనిని వీరు తమ కాలంలో చేశారు. కాకపోతే మన్రో మిశ్రమం గట్టిపడి సంప్రదాయంగా మారింది. వీరి మిశ్రమం అప్పటికి ఇంకా ద్రవరూపంలో ఉన్నది.

వై షుడ్ ది ఫైర్ డై? (2005)

2005 ఆగస్టు 9న విడుదలైన ఈ ఆల్బముకు ఆలిసన్ క్రౌస్ బదులు ఎరిక్ వాలెంటైన్, టోనీ బర్గ్ నిర్మాతలు. వాలెంటైన్ రాక్ ఆల్బములకు పేరొందినవాడు. వాద్యాలు పాతవే అయినా ధ్వని గరుకుగా, దగ్గరగా వినిపిస్తుంది. పాటలలో కోపం, మోసం, విడిపోవడం వంటి విషయాలు ఎక్కువ. సొంత రచనలు కూడా పెరిగాయి. ఇతరుల పాటలలో బాబ్ డిలన్ రాసిన "టుమారో ఈజ్ ఎ లాంగ్ టైమ్"‌ను సారా పాడింది. బిల్‌బోర్డ్ జాబితాలో ఇది కూడా మొదటి 20 స్థానాలలో నిలిచింది. బృందం రచనలలో దీనికే ప్రథమస్థానం ఇవ్వడం ఉచితం.

విరామం (2007)

2006లో బృందం ఒక ప్రకటన చేసింది. మరుసటి సంవత్సరం చివరిసారిగా దేశమంతా పర్యటించి, ఆ తరువాత నిరవధికంగా విరమిస్తున్నట్లు తెలిపింది. ఆ పర్యటనకు "ఫేర్‌వెల్ (ఫర్ నౌ)" అని పేరు పెట్టారు. "ప్రస్తుతానికి సెలవు" అని దాని భావం. కుండలీకరణాలలోని ఆ రెండు మాటలను ఎంతమంది అభిమానులు నమ్మారో చెప్పలేము.

గొడవలు, డబ్బు తగాదాలు దీనికి కారణం కాదు. ముగ్గురూ బాల్యం నుండి దాదాపు పద్దెనిమిదేళ్ళు ఒకే బృందంలో ఉన్నారు. క్రిస్, సారాలకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. అంటే వారు తమ జీవితంలో మూడింట రెండు వంతుల కాలం ఈ బృందంలోనే గడిపారు. ఎనిమిదేళ్ళ వయసులో తీసుకున్న నిర్ణయం, అదీ చాలావరకు తల్లిదండ్రులు తీసుకున్నది, జీవితాంతం తమ మార్గాన్ని నిర్దేశించాలా అన్న ప్రశ్న వారి ముందు నిలిచింది. ప్లాటినం అమ్మకాలు, గ్రామీ పురస్కారం, నిండిన సభామందిరాలు ఉన్న సమయంలో ఆగిపోవడం వృత్తిరీత్యా నష్టమే. 2007 చివరలో నాష్‌విల్‌లోని రైమన్ సభామందిరంలో వీడ్కోలు ప్రదర్శనలు ముగిశాయి. 1940లలో బిల్ మన్రో, ఎర్ల్ స్క్రగ్స్ కలిసి వాయించిన గ్రాండ్ ఓలె ఓప్రీ వేదిక అదే.

విడివిడి మార్గాలు

విరామకాలంలో క్రిస్ థీలీ ప్రస్థానం అందరికంటే ఎక్కువగా వార్తలకెక్కింది. అతడు పంచ్ బ్రదర్స్ అనే ఐదుగురు సభ్యుల బృందాన్ని నడిపాడు. మార్క్ ట్వేన్ హాస్యకథ పేరునుండి ఈ పేరు తీసుకున్నారు. ఈ బృందంలో బాంజో ఉన్నది. అంటే వాద్యాల కూర్పులో ఇది నికెల్ క్రీక్ కంటే సంప్రదాయబద్ధమైనది, సంగీతంలో మాత్రం మరింత సాహసోపేతమైనది. 2008లో వెలువడిన వారి ''పంచ్'' ఆల్బములో నలభై నిమిషాల పైబడి సాగే నాలుగు భాగాల రచన ఉన్నది. చెల్లో విద్వాంసుడు యో యో మా, ఎడ్గర్ మేయర్, స్టువర్ట్ డంకన్‌లతో కలిసి క్రిస్ 2011లో ''ది గోట్ రోడియో సెషన్స్'' వెలువరించాడు. 2012లో అతనికి మెకార్థర్ ఫెలోషిప్ లభించింది. 2013లో బాఖ్ వయొలిన్ రచనలను మేండలిన్‌పై వాయించి ఆల్బముగా విడుదల చేశాడు. 2016 నుండి 2020 వరకు, ''ఎ ప్రయరీ హోమ్ కంపానియన్'' అనే ప్రసిద్ధ రేడియో కార్యక్రమానికి (తరువాత ''లైవ్ ఫ్రమ్ హియర్'' అని పేరు మారింది) వ్యాఖ్యాతగా ఉన్నాడు.

సారా వాట్కిన్స్ 2009లో తన సొంత ఆల్బము వెలువరించింది. లెడ్ జెపెలిన్ రాక్ బృందానికి చెందిన జాన్ పాల్ జోన్స్ దాని నిర్మాత. తరువాత సారా జరోజ్, ఈఫా ఓడొనొవన్‌లతో కలిసి ఐయామ్ విత్ హర్ అనే బృందంలో పాడింది. వీరి "కాల్ మై నేమ్" పాటకు 2020లో గ్రామీ లభించింది. షాన్ సొంత ఆల్బములు చేస్తూనే స్విచ్‌ఫుట్ బృందపు గాయకుడు జాన్ ఫోర్‌మన్‌తో కలిసి ఫిక్షన్ ఫ్యామిలీ అనే జంటగా పాడాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ లాస్ ఏంజలెస్‌లోని లార్గో అనే వేదికపై వాట్కిన్స్ ఫ్యామిలీ అవర్ అనే గోష్ఠిని చాలా ఏళ్ళు నిర్వహించారు.

ఇదే కాలంలో, అంటే 2009 తరువాత, బాంజో, మేండలిన్ వంటి వాద్యాలతో పాడే మమ్‌ఫర్డ్ అండ్ సన్స్ వంటి బృందాలు ప్రపంచవ్యాప్తంగా ప్రజాదరణ పొందాయి. తీగవాద్యాలతో యువతను ఆకర్షించవచ్చని నికెల్ క్రీక్ రుజువు చేసి అప్పటికి దాదాపు పదేళ్ళు. పంట చేతికొచ్చేవేళకు విత్తినవారు పొలంలో లేరు.

మేండలిన్ గురించి

తెలుగువారికి మేండలిన్ కొత్త వాద్యం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969 - 2014) ఈ వాద్యాన్ని కర్ణాటక సంగీత కచేరీ స్థాయికి తెచ్చి, మేండలిన్ శ్రీనివాస్‌గా ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. అయితే ఒకే పేరుగల ఈ రెండు వాద్యాలు పలికే తీరులో తేడా ఉన్నది. శ్రీనివాస్ వాడినది విద్యుత్ మేండలిన్. గమకాలు పలికించడానికి, నాదం ఎక్కువసేపు నిలవడానికి వీలుగా జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు అమర్చుకున్నాడు. బ్లూగ్రాస్ మేండలిన్‌లో నాలుగు జతలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. శ్రుతి వయొలిన్ శ్రుతియే, కాని నాదం త్వరగా ఆరిపోతుంది. ఆ లోపమే పైన చెప్పిన చాప్ అనే తాళపు దెబ్బకు ఆధారమైనది. క్రిస్ థీలీ వాడే వాద్యం గిబ్సన్ సంస్థ 1924లో తయారుచేసిన ఎఫ్-5 రకం. లాయిడ్ లోర్ అనే నిపుణుని పర్యవేక్షణలో తయారైన ఈ మేండలిన్లు చాలా అరుదు. బిల్ మన్రో వాయించినది కూడా ఆ కోవకు చెందిన 1923 నాటి వాద్యమే.

సారా ఫిడేలు కూడా మన కచేరీలలోని వయొలినే, వాద్యంలో తేడా లేదు. మన విద్వాంసులు కూర్చొని వాద్యం కొసను పాదానికి ఆనించి వాయిస్తే, అక్కడ నిలబడి గడ్డం కింద పెట్టుకొని వాయిస్తారు.

పునస్సమాగమం

తొలి ప్రదర్శనకు పాతికేళ్ళు నిండిన సందర్భంగా 2014లో ముగ్గురూ తిరిగి కలిశారు. 2014 ఏప్రిల్ 1న నన్‌సచ్ సంస్థ ద్వారా ''ఎ డాటెడ్ లైన్'' అనే ఆల్బము వెలువడింది. నిర్మాత ఎరిక్ వాలెంటైన్. ఇది బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి పది స్థానాలలోకి చేరింది. ఏడేళ్ళ విరామం తరువాత, రేడియోలో పెద్దగా వినిపించని బృందానికి ఇది ఆశ్చర్యకరమైన ఫలితమే. ఆ ఏడాది పర్యటన ముగిశాక మళ్ళీ ఎవరి దారిన వారు వెళ్ళారు.

మూడవసారి కలవడానికి కోవిడ్ మహమ్మారి కారణమైంది. కచేరీలు ఆగిపోయిన రోజులలో, 2021 ఆరంభంలో, ముగ్గురూ కుటుంబాలతో సహా కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఒకచోట చేరి కొత్త పాటలు రాశారు. నాష్‌విల్‌లో ధ్వనిముద్రణ జరిగింది. మైక్ ఎలిజాండో బాస్ వాయించాడు. 2023 మార్చి 24న విడుదలైన ''సెలబ్రెంట్స్'' అనే ఈ ఆల్బములో 18 అంశాలున్నాయి. ఇవి విడివిడి పాటలు కావు. ఒక పాటలోని స్వరాలు, పదాలు మరొకదానిలో మారురూపంలో తిరిగి వస్తాయి. భిన్నాభిప్రాయాలున్నవారితో స్నేహం నిలుపుకోవడం ఎలా అన్నది ఇందులో ప్రధాన విషయం. ముప్పై ఏళ్ళకు పైగా కలిసి, విడిపోయి, తిరిగి కలిసినవారు రాసినది కావడం వలన ఆ ప్రశ్నకు బరువు వచ్చింది. ఒక్కసారి వింటే పట్టుబడే ఆల్బము కాదిది. ''నికెల్ క్రీక్'' ఆల్బములోని సౌలభ్యాన్ని కోరుకునే శ్రోతలను నిరాశపరచవచ్చు కూడా.

2024లో ఈ ఆల్బము ఉత్తమ జానపద ఆల్బము విభాగంలో గ్రామీ నామినేషన్ పొందింది. ఆ ఏడు పురస్కారం జోనీ మిచెల్‌కు దక్కింది.